ఎరువు సంచి మీది మూడక్షరాలు

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారి మీద హయత్‌నగర్ ఉన్నది. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షాకు కుమార్తె, సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరనే ఈ ఊరు వెలసినది. ఆమె 1667లో మరణించినారు. ఆమె పేరు మోసే మస్జిదు, బాటసారుల కోసం దాని చుట్టూ కట్టిన సరాయి గదుల వరుసలు, ఏనుగుల బావి అని జనం పిలిచే పెద్ద బావి ఆ కాలాన్ని గుర్తుచేస్తవి. గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఇదే. ఇరానీ వర్తకుడు, డచ్చి వర్తకుడు, తెలుగు బండివాడు ఈ బాటలోనే నడిచినారు. సరుకులతో పాటు మాటలు కూడా ఇటు నుండి అటు, అటు నుండి ఇటు పోయినవి.

ఇదే హయత్‌నగర్‌లో నేడు మరొక సంస్థ భూములు ఉన్నవి. 1985లో హైదరాబాదు సంతోష్‌నగర్‌లో ఏర్పడిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ వారి పరిశోధన క్షేత్రమిది. ఎర్ర చెలక నేల, లోతు తక్కువ, వాన మీద ఆధారపడిన సేద్యం. ఇటువంటి నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, నత్రజని తక్కువ అని శాస్త్రజ్ఞులు చెప్తారు. ఏ వ్యవసాయ కరపత్రం తీసి చూసినా ఈ మాటలు తప్పవు: నత్రజని, భాస్వరం, పొటాష్. ఎరువు సంచి మీద వాటికే ఎన్, పి, కె అనే మూడు గుర్తులు, వాటి కింద 17-17-17 అనో, 18-46-0 అనో అంకెలు.

ఈ మూడు మాటల్లో మొదటి రెండు సంస్కృతమనీ, మూడవది ఇంగ్లీషనీ, మూడింటిలో ఒక్కటీ అరబీతో సంబంధం ఉన్నది కాదనీ చదువుకున్నవారు సైతం అనుకుంటారు. మన సమాజంలో కొందరు పెద్దలు ఒకప్పుడు 'నత్రజని' వంటి మాటలను చూసి ఇవి మన పిల్లల నోటికి పరాయివని పెదవి విరిచినవారే. అవతలి వైపు, తెలుగులోని అరబీ, పారసీ మాటలను ఏరి పారవేస్తే తప్ప భాష శుభ్రపడదనుకున్నవారూ ఉన్నారు. ఇరుపక్షాల వారూ ఎరువు సంచి మీది అక్షరాల పుట్టుకను విచారించి ఉంటే ఆ తగవు కొంత తగ్గి ఉండేది.

మొదట కె అనే గుర్తును తీసుకొందాము. ఇంగ్లీషులో ఈ మూలకం పేరు పొటాషియం. ఆ పేరులో కె అనే అక్షరం ఎక్కడా లేదు. రసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఇది ఒక చిక్కు. ఉపాధ్యాయుడు 'లాటిన్‌లో కాలియం అంటారు' అని చెప్పి ముందుకు పోతాడు. ఆ కాలియం లాటిన్ కాదు. అది అరబీ 'అల్-ఖలీ' అనే మాటకు లాటిన్ తొడుగు మాత్రమే.

అరబీలో ఖాఫ్, లామ్, యా అనే మూడక్షరాల ధాతువుకు వేయించడం, మాడ్చడం అని అర్థం. మన ఇళ్ళల్లో వండే ఖలియా కూర పేరు ఈ ధాతువు నుండే వచ్చినది. ఉప్పు నేలల్లో, సముద్రతీరాల్లో పెరిగే కొన్ని మొక్కలను ఎండబెట్టి కాల్చగా మిగిలే బూడిదను అరబ్బులు ఖలీ అన్నారు. ఆ బూడిదను నీటిలో కలిపి, వడగట్టి, మరిగిస్తే తెల్లని లవణం మిగులుతుంది. సబ్బు చేయడానికి, గాజు పోయడానికి అది అవసరం. హిజ్రీ 313 (క్రీ.శ. 925)లో మరణించిన ప్రసిద్ధ వైద్యుడు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్-రాజీ తన రసాయన గ్రంథంలో పదార్థాలను తరగతులుగా విభజించి, ఖలీని లవణాల తరగతిలో చేర్చినాడు. అంతకు ముందు పనివాళ్ళ నోట ఉన్న మాట అక్కడ శాస్త్రపు మాట అయినది. మాటకు ఒక తరగతిలో స్థానం దొరికిన తర్వాతనే అది ఎల్లలు దాటుతుంది.

ఎల్లలు దాటినది స్పెయిన్ దేశంలో. 12వ శతాబ్దిలో టొలెడో నగరంలో అరబీ గ్రంథాలను లాటిన్‌లోనికి అనువదించే పని ముమ్మరంగా సాగినది. 1187లో మరణించిన క్రెమోనా జెరార్డ్ ఆ అనువాదకుల్లో ముఖ్యుడు. ఆ కాలపు అనువాదకులు తమకు లాటిన్‌లో సాటి దొరకని మాటలను ఉన్నవి ఉన్నట్లే ఉంచినారు. ఉంచేటప్పుడు 'అల్' అనేది వట్టి విశేషక పదమని చాలాసార్లు పట్టించుకోలేదు. అందుచేతనే ఆల్కలి, ఆల్కహాల్, ఆల్జీబ్రా మొదలైన మాటలకు 'అల్' అంటుకొని వచ్చినది. 14వ శతాబ్ది చివరి ఇంగ్లీషు కవి చాసర్ నాటికే ఆల్కలి ఇంగ్లీషులో ప్రవేశించినది.

ఉత్తర యూరపులో ఉప్పు మొక్కలు తక్కువ, అడవులు ఎక్కువ. అక్కడివారు కట్టె బూడిదను నీటిలో కలిపి, ఆ నీటిని కుండల్లో మరిగించి లవణం తీసినారు. దానికి డచ్చి భాషలో 'కుండ బూడిద' అనే అర్థంలో పొటాష్ అని పేరు పెట్టినారు. 1807లో లండనులో హంఫ్రీ డేవీ కరిగిన పొటాష్‌లోకి విద్యుత్తును పంపి అందులోని కొత్త లోహాన్ని వేరుచేసినాడు. పొటాష్ నుండి వచ్చినది గనుక పొటాషియం అన్నాడు. జర్మనులకు ఆ పేరు రుచించలేదు. వారిలో క్లాప్రోత్ అనే రసాయనజ్ఞుడు ఆ లవణానికి అప్పటికి పదేండ్ల క్రితమే 'కాలి' అనే పేరు ప్రతిపాదించి ఉన్నాడు. 1809లో గిల్బర్ట్ అనే మరొక జర్మను ఆ లోహాన్ని కాలియం అన్నాడు. 1814లో స్వీడన్ దేశపు బెర్జీలియస్ ఆ పేరునే సమర్థించి దానికి కె అనే గుర్తును నిలిపినాడు. ప్రపంచమంతా గుర్తును ఒప్పుకొన్నది, పేరును ఒప్పుకోలేదు. కనుక జర్మను, డచ్చి, రష్యను భాషల్లో కాలియం వంటి రూపమూ, ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు భాషల్లో పొటాషియం వంటి రూపమూ నిలిచినవి. జర్మనుల వద్ద విజ్ఞానం నేర్చిన జపాను వారు 'కరియూము' అంటారు. జపాను రైతు ఎరువును 'కరి' అంటాడు. అరబీ మాట అన్నింటికన్నా స్వచ్ఛంగా నిలిచినది జపాను పొలాల్లో అంటే నమ్మడం కష్టం, కాని అది నిజం.

మరి అరబ్బులేమంటారు? వారు 'బూతాస్యూం' అంటారు. ఇంగ్లీషు, ఫ్రెంచి పుస్తకాల నుండి ఆధునిక రసాయన శాస్త్రాన్ని తిరిగి తెచ్చుకొన్నప్పుడు వారికి కాలియంలోని తమ ఖలీ కనిపించలేదు, పొటాషియమే కనిపించినది. జోర్డాన్ దేశంలో మృత సముద్రపు నీటి నుండి పొటాష్ తీసే సంస్థ 1956లో స్థాపితమైనది. దాని అరబీ పేరు 'షరికతుల్ బూతాస్ అల్-అరబియ్యా'. పేరులో అరబ్బు ఉన్నాడు, ఖలీ లేదు. క్షార గుణాన్ని చెప్పడానికి 'ఖలవీ' అనే విశేషణం మాత్రం అరబీలో ఇప్పటికీ ఉన్నది. మాట తల్లింట్లో ఒక గదిలో ఉండగానే, అదే మాట పరదేశపు వేషంలో వాకిట నిలిచినప్పుడు ఇంటివారు గుర్తుపట్టలేదు.

టర్కీలో జరిగినది ఇంకా విచిత్రం. ఉస్మానీయుల కాలంలో అక్కడి విద్వాంసులు క్షార గుణానికి 'కలెవీ' అనేవారు. అది ఖలీ నుండి వచ్చినదే. 1932లో భాషా సంస్థ ఏర్పడి, అరబీ, పారసీ మాటలను తొలగించే ఉద్యమం సాగిన కాలంలో పాత పారిభాషిక పదాలు వెనుకబడినవి. వాటి స్థానంలో ఫ్రెంచి నుండి వచ్చిన మాటలు స్థిరపడినవి. కలెవీ పోయి వచ్చిన మాట ఏది? ఆల్కలి! అరబీని వద్దనుకొని అరబీనే, దాని 'అల్'తో సహా, పారిస్ మీదుగా తెచ్చుకొన్నారు. శుద్ధి ఉద్యమాలకు ఇంతకన్నా మంచి పాఠం ఏ భాషలోనూ దొరకదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇత్తడి పాత్రలకు పూసే 'కళాయి' కూడా ఖలీ నుండే వచ్చినదని కొందరు తొందరపడి చెప్తారు. అది సరికాదు. కళాయికి మూలం 'ఖల్ఈ' అనే మాట. దాని చివర ఐన్ అక్షరం ఉన్నది, అర్థం తగరం. ఉర్దూ నోట ఐన్ అణిగిపోతుంది, తెలుగు లిపిలో దానికి చోటే లేదు. అందుచేత రెండు మాటలూ ఒక్కటే అనిపిస్తవి. చెవికి వినబడే పోలికను పట్టుకొని పదాల వంశవృక్షం గీయకూడదు.

ఆల్కలికి తెలుగులో క్షారం అని ఉన్నది. ఇది కొత్తగా కల్పించిన మాట కాదు. సుశ్రుత సంహితలో శస్త్రచికిత్సకు ఉపయోగించే క్షారాన్ని తయారుచేసే విధానం ఉన్నది: కొన్ని చెట్లను కాల్చడం, బూడిదను నీటిలో కలపడం, వడగట్టడం, మరిగించడం. అరబ్బుల ఖలీకి చెప్పిన పనే ఇది. అబ్బాసీయ ఖలీఫాల కాలంలో యహ్యా బిన్ ఖాలిద్ బర్మకీ ప్రోత్సాహంతో మన్కా అనే భారతీయ వైద్యుడు సుశ్రుతుని గ్రంథాన్ని అరబీలోనికి తెచ్చినాడని ఇబ్న్ అల్-నదీమ్ తన ఫిహ్రిస్త్‌లో వ్రాసినాడు. అంతమాత్రాన ఖలీ అనే మాట క్షారం నుండి పుట్టినదని కాదు. రెండు దేశాల వారికీ ఒకే బూడిద తెలుసు, రెండు పేర్లు ఉన్నవి. వస్తువు ఇంట్లో ఉన్నప్పుడు మాటను అప్పు తేవలసిన అవసరం ఉండదు. క్షారం తెలుగు నోట పడి 'కారం' అయినది. మిరపకాయ వచ్చిన తర్వాత దానికే ఆ పేరు చెల్లినది. ఖలీ అరబ్బుల వంటింట్లో ఖలియాతో చుట్టరికం కలిగి ఉంటే, క్షారం తెలుగువారి వంటింట్లో కారమై కూర్చున్నది.

రెండవ గుర్తు ఎన్. దాని తెలుగు పేరు నత్రజని. ఈ మాటను చూసి ఏ పండితుడైనా సంస్కృత సమాసమనే అంటాడు. 'జని' సంస్కృతమే. గ్రీకులోని 'జెన్', సంస్కృతంలోని 'జన్' ఒకే ప్రాచీన కుటుంబానికి చెందిన ధాతువులు. రెంటికీ పుట్టుక అనే అర్థం. కాని 'నత్ర' ఏమిటి? సంస్కృత నిఘంటువులో దానికి సరిపోయే అర్థం వెదకడం వృథా.

దాని కథ ఈజిప్టులో మొదలవుతుంది. నైలు నది ముఖభూమికి పడమట ఎడారిలో కొన్ని ఉప్పు మడుగులు ఉన్నవి. ఆ ప్రాంతాన్ని నేటికీ వాదీ అల్-నత్రూన్ అంటారు. అక్కడ దొరికే సోడా లవణాన్ని ప్రాచీన ఈజిప్టువారు శవాలను భద్రపరచడానికి వాడినారు. వారి మాట గ్రీకులో 'నిత్రోన్' అయినది, అరబీలో 'నత్రూన్' అయినది. అల్-రాజీ తరగతుల్లో నత్రూన్ కూడా ఉన్నది. యూరపులో ఈ మాట రెండు దారులు పట్టినది. అరబీ దారిన వచ్చిన నేట్రాన్ సోడాగానే మిగిలి, సోడియం లోహానికి నేట్రియం అనే లాటిన్ పేరును, ఎన్-ఎ అనే గుర్తును ఇచ్చినది. లాటిన్ దారిన వచ్చిన నైటర్ క్రమంగా అర్థం మార్చుకొని తుపాకీ మందులో వేసే వేరొక లవణానికి పేరైనది. ఆ రెండవ లవణాన్ని అరబ్బులు మొదట బారూద్ అన్నారు. 1248లో మరణించిన ఇబ్న్ అల్-బైతార్ దానిని 'చీనా మంచు' అని కూడా పేర్కొన్నాడు. తర్వాత బారూద్ తుపాకీ మందుకే పేరైనది. లవణాలు తెల్లగా ఒకే విధంగా ఉంటవి. మాటలు వాటి మీద జారుతుంటవి.

1772లో డేనియల్ రూథర్‌ఫర్డ్ గాలిలోని ఒక భాగాన్ని వేరుగా గుర్తించినాడు. లవోయిజే దానిని ప్రాణం నిలపనిది అనే అర్థంలో 'ఆజోత్' అన్నాడు. 1790లో షాప్తాల్ అనే ఫ్రెంచి రసాయనజ్ఞుడు నైటర్ లవణాన్ని పుట్టించేది కనుక 'నైట్రోజన్' అన్నాడు. తుర్కీ భాషలో నేటికీ ఆజోత్. తెలుగులో నత్రజని: మొదటి సగం ఈజిప్టు మాటకు సంస్కృతపు ఉచ్చారణ, రెండవ సగం గ్రీకుకు సంస్కృతానువాదం. మరాఠీలో ఒట్టి 'నత్ర' అని ఉన్నది.

నత్ర అన్నవారికి ఊళ్ళో మాట తెలియక కాదు. నైటర్ లవణానికి తెలుగులో పెట్లుప్పు ఉన్నది, సూరేకారం ఉన్నది. సూరేకారం మాట చూడగానే పారసీ 'షోరా', మన 'కారం' కలిసి నిలబడినట్లు కనిపిస్తుంది. అనువాదం పేరుతో అక్షరాలా వెళ్ళి 'పెట్లుప్పుజని' అని ఉంటే రైతు నవ్వి ఊరుకొనేవాడు. నత్ర అనే పొట్టి మాట నోటికి ఇమిడినది, పాతదానివలె వినిపించినది. అందులోనే దాని విజయం ఉన్నది.

మూడవ గుర్తైన పి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. 1669లో హాంబర్గు నగరంలో హెన్నిగ్ బ్రాండ్ మూత్రాన్ని మరిగించి బంగారం తీయబోయి, చీకట్లో మెరిసే పదార్థాన్ని పొందినాడు. గ్రీకులో వెలుగు మోసేది అనే అర్థంలో ఫాస్ఫరస్ అన్నారు. తెలుగువారు ప్రకాశించేది అనే అర్థంలో భాస్వరం అన్నారు. ఇది నికార్సైన అర్థానువాదం. పొలంలో వేసిన భాస్వరం మెరవదు గాక మెరవదు, ఆ సంగతి వేరు.

ఈ విధంగా ఒకే సంచి మీది మూడు గుర్తులకు తెలుగు మూడు పద్ధతులు అనుసరించినది. భాస్వరంలో అర్థాన్ని తెచ్చుకొన్నది, పొటాష్‌లో ధ్వనిని తెచ్చుకొన్నది, నత్రజనిలో సగం ధ్వని, సగం అర్థం. ఏ సంఘమూ కూర్చుండి మూడింటికీ ఒకే సూత్రం విధించలేదు కనుకనే ఇట్లా జరిగినది.

సంఘాలు కూర్చుండలేదని కాదు. హైదరాబాదులోనే రెండు కూర్చున్నవి. అంతకు ముందు, 19వ శతాబ్ది పూర్వార్ధంలో షమ్సుల్ ఉమరా నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెప్పించి, 'సిత్తా-ఎ-షమ్సియా' అనే పేర అచ్చు వేయించినారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వెలువరించడం ఆరంభించినారు. లక్ష్మణరావు నాగపూరులో చదివినవారు, మరాఠీలో వ్యాసాలు వ్రాసినవారు, మునగాల సంస్థానంలో దివానుగా ఉన్నవారు. మునగాల కూడా హయత్‌నగర్ మీదుగా పోయే ఈ రహదారి మీదనే ఉన్నది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నాజిం.

దారుల్ తర్జుమాలో పారిభాషిక పదాల గురించి తీవ్రమైన చర్చ నడిచినది. పదాలన్నీ అరబీ వ్యాకరణం ప్రకారం ధాతువుల నుండి సాధించాలని ఒక పక్షం. ఉర్దూ స్వభావం వేరు, అది హిందీ, పారసీ ఉపసర్గలు, ప్రత్యయాలు కలుపుకొని సమాసాలు కట్టే భాష, ఆ పద్ధతిలోనే పదాలు చేయాలని మరొక పక్షం. రెండవ పక్షానికి వహీదుద్దీన్ సలీం గొంతుక అయినారు. 1921లో వెలువడిన ఆయన గ్రంథం 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' ఈ విషయంపై ఉర్దూలో మొట్టమొదటి సమగ్ర రచనగా పేరు పొందినది. మౌల్వీలందరూ అరబీ వైపే ఉన్నారనుకొనేవారు ఈ సంగతి గుర్తించాలి. ఉర్దూ రసాయన శాస్త్రంలో ఆమ్లానికి పారసీ నుండి 'తుర్షా', బేస్ అనే దానికి అరబీ నుండి 'అసాస్', క్షార గుణానికి 'ఖల్వీ' స్థిరపడినవి. తుర్షా అంటే పులుపు. తెలుగు ఆమ్లం కూడా పులుపే. నత్రజనికి మాత్రం ఉర్దూలో నైట్రోజన్ అనే మాటే నిలిచినది.

ఒకే నగరంలో, పదకొండేండ్ల తేడాతో, రెండు భాషల వారు ఒకే పనికి పూనుకొన్నారు. ఇద్దరి ముందూ ఒకే ప్రశ్నలు, ఒకే ఇంగ్లీషు గ్రంథాలు. అయినా తెలుగు పదాలకూ ఉర్దూ పదాలకూ ఉమ్మడి పట్టిక పుట్టలేదు. మరి నష్టపోయినది ఎవరు? ఇంట్లో ఉర్దూ, పొలంలో తెలుగు మాట్లాడే పల్లెటూరి ముసల్మాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఉర్దూలో పరీక్ష వ్రాయవలసి వచ్చిన తెలంగాణా విద్యార్థి. తాత తుర్షా అని నేర్చుకొన్నాడు. 1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారగా తండ్రి యాసిడ్ అని నేర్చుకొన్నాడు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి తెలుగులో కళాశాల పాఠ్య గ్రంథాలు వచ్చిన తర్వాత కుమారుడు ఆమ్లం అని నేర్చుకొన్నాడు. ఒకే ఇంట్లో మూడు తరాల చదువు మూడు నిఘంటువుల పాలైనది. ఉర్దూలో విశ్వవిద్యాలయపు విజ్ఞానాన్ని బోధించి చూపిన ఘనత ఉస్మానియాది, అందులో సందేహం లేదు. ఆ ఘనతలో తెలుగుకు తగిన వాటా దక్కలేదన్నదీ అంతే నిజం.

అనువాద పదాలన్నీ నిలవలేదు. ఆక్సిజన్‌కు తెలుగులో ఆమ్లజని అన్నారు, హైడ్రోజన్‌కు ఉదజని అన్నారు. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ప్రతి ఆమ్లంలోనూ అది ఉంటుందని లవోయిజే నమ్మి ఆ పేరు పెట్టినాడు. అది పొరపాటని, ఉప్పు నుండి తీసే ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని డేవీ 1810లో తేల్చినాడు. నూరేండ్ల తర్వాత తెలుగువారు పేరును శ్రద్ధగా అనువదించి, దానితో పాటు పొరపాటును కూడా అనువదించినారు. ధ్వనిని అప్పు తెచ్చుకొన్న భాషల్లో ఆ తప్పు నిద్రపోతుంది. అర్థాన్ని అనువదించిన భాషల్లో మేలుకొని కూర్చుంటుంది. 2021లో మహమ్మారి రెండవసారి విజృంభించినప్పుడు పత్రికలు ప్రాణవాయువు అని వ్రాసినవి, కాని సిలిండరు కోసం పరుగెత్తిన మనిషి అడిగినది ఆక్సిజనే.

మరి ఆమ్లజని, ఉదజని పుస్తకాల్లోనే వాడిపోగా నత్రజని ఎందుకు బతికినది? దానికి పొలం దొరికినది. వ్యవసాయ శాఖ కరపత్రాలు, ఆకాశవాణి రైతు కార్యక్రమాలు దానిని గ్రామాలకు మోసినవి. పండితుడు పుట్టించిన మాటను పామరుడు పెంచినాడు. అయినా ఈ విషయంలో తమిళుల తెలివిని మెచ్చుకోవలసి ఉన్నది. తమిళ వ్యవసాయ భాషలో నత్రజనిని 'తళైచ్చత్తు' అంటారు, అనగా ఆకు సత్తువ. భాస్వరాన్ని 'మణిచ్చత్తు', అనగా గింజ సత్తువ. పొటాష్‌ను 'సాంబల్ సత్తు', అనగా బూడిద సత్తువ. ఏది ఎందుకు వేయాలో, ఎక్కడి నుండి వచ్చినదో పేరే చెప్తుంది. గ్రీకు తెలియనక్కరలేదు, సంస్కృతం తెలియనక్కరలేదు. అరబీ తెలియకుండానే ఖలీ అనే మాటకు అసలైన అర్థం వారికి దక్కినది. మరాఠీలో పొటాష్‌ను 'పాలాశ్' అంటారు. ధ్వని పోలికను పట్టుకొన్న మాట వంటిది అది. కాని పలాశం, అనగా మోదుగ, సుశ్రుతుడు క్షారం తీయడానికి చెప్పిన చెట్లలో ఒకటి కావడం వల్ల ఆ పేరు చక్కగా అతికినది.

తెలుగు రైతుకు నేలలోని క్షారం తెలియనిది కాదు. పాల చౌడు వేరు, కారు చౌడు వేరు అని అతడు రంగును బట్టి చెప్తాడు. మొదటిదానిలో లవణాలు ఎక్కువని, రెండవదానిలో క్షార గుణం ఎక్కువని ప్రయోగశాల తర్వాత చెప్తుంది. చాకలివారు చౌడు మట్టితో బట్టలు ఉతికినారు. పొయ్యిలోని బూడిదను పెంటకుప్పలో వేయడం, కూరపాదులకు చల్లడం ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల పల్లెల్లో తాతల నాటి అలవాటు. ఆ బూడిదలో ఉన్నది పొటాషే.

భారతదేశం తనకు కావలసిన పొటాష్ ఎరువును దాదాపు అంతటినీ విదేశాల నుండి తెచ్చుకొంటుంది. జోర్డాన్ అరబ్బులు మృత సముద్రం నుండి తీసినది కూడా అందులో ఉన్నది. సంచి మీద 0-0-60 అని ఉంటుంది. ఆ 60 పొటాషియం లోహపు లెక్క కాదు. మొక్కను కాల్చి బూడిదను తూచిన పాత రసాయనజ్ఞుల పద్ధతిలో, ఆక్సైడు రూపంలో ఎంత ఉన్నదో చెప్పే లెక్క. లోహం పేరు మారినది, గుర్తు మారినది, సరుకు రేవులు మారినవి. కొలత మాత్రం నేటికీ బూడిద కొలతే.